గలగలమంటే చాలదు

ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. హాల్లో రెండడుగుల గాజు తొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, ఓ మూలన బుడగలు వదులుతూ పవర్ ఫిల్టర్. పాచి పట్టిందని పొద్దున్నే చేపల్ని బకెట్‌లోకి మార్చి, తొట్టి మొత్తం ఖాళీ చేశాను. గులకరాళ్లు చాటలో పోసి కడిగాను. ఫిల్టర్ స్పాంజికి పట్టిన గోధుమరంగు జిగురు వదిలేదాకా కుళాయి కింద పెట్టి, సబ్బు రాసి, పిండి పిండి ఉతికాను. మధ్యాహ్నానికి తొట్టి అద్దంలా మెరిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మంగళవారం లేచి చూస్తే రెండు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలిన రెండూ నీటి పైకి నోళ్లు పెట్టి గుటకలు మింగుతున్నాయి. ఫిల్టర్ మాత్రం గలగలమంటూ తిరుగుతూనే ఉంది.

ఆ వారమే మా బాబాయి వచ్చాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కాసేపు చూసి అడిగాడు.

"ఫిల్టర్ ఎప్పుడు కడిగావురా?"

"ఆదివారమే బాబాయ్. సబ్బు పెట్టి మరీ కడిగాను."

"అదీ సంగతి. అమ్మోనియా కొట్టింది."

"నీళ్లు తేటగానే ఉన్నాయి కదా?"

"చెరువులో నీళ్లు అంత తేటగా కనిపిస్తే మాకు రాత్రి నిద్ర పట్టదురా. అమ్మోనియా కంటికి కనిపిస్తుందా ఏంటి?"

అప్పటిదాకా ఫిల్టర్ అంటే నా దృష్టిలో టీ వడపోసే జాలీకి మోటారు బిగించిన వస్తువు. మురికిని పట్టుకుంటుంది, నీళ్లను తేటగా ఉంచుతుంది, అంతే. కొనేటప్పుడు కూడా దుకాణంలో ఏది ఎక్కువ బుడగలు వదులుతుందో చూసి కొన్నాను. నాలాగే కొనేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఈ కథనం వాళ్ల కోసం.

స్పాంజిలో కాపురం

చేప తినేదీ ఆ నీళ్లలోనే, విసర్జించేదీ ఆ నీళ్లలోనే. మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండానే అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. మలం కుళ్లినా, మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. గోదావరిలోనో ఊరి చెరువులోనో అయితే అంత నీటిలో ఎక్కడికక్కడ పలచబడిపోతుంది. యాభై లీటర్ల తొట్టిలో పలచబడటానికి చోటేది? అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. చుట్టూ గాలి కలిసిన నీళ్లే ఉన్నా చేపకు ఊపిరాడదు.

దీనికి మన నీళ్లు తోడవుతాయి. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది అరశాతం చుట్టూ. అదే నీటి పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. సుమారు పదింతలు. వేడి పెరిగినా ఆ వాటా పెరుగుతుంది. బిందె అడుగున తెల్లటి గార కట్టే బోరు నీళ్లు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో లేవు? అలాంటి నీళ్లకు క్షారగుణం, అంటే పీహెచ్, ఎక్కువగా ఉంటుంది. మెత్తటి నీళ్లున్న చోట చేప తట్టుకునే పొరపాటు, మన తొట్టిలో మే నెలలో ప్రాణం తీస్తుంది.

ఈ విషాన్ని విరిచేది బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో అంత ముప్పు లేదు. కొంత మొక్కలు తీసుకుంటాయి, మిగతాది వారం వారం కాస్త నీళ్లు మారిస్తే పోతుంది. ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ తిరిగేవి కావు. గరుకుగా ఉన్నచోట, ప్రాణవాయువు కలిసిన నీరు ఆగకుండా తగిలే చోట అతుక్కుని కాపురం పెడతాయి. స్పాంజికి పట్టిన ఆ గోధుమరంగు జిగురు వాటి ఇల్లు. నేను సబ్బుతో ఉతికి పారేసింది దాన్నే.

భూమిలో ఇలాంటి బ్యాక్టీరియా ఉందని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే తేల్చాడు. అక్వేరియం ఫిల్టర్‌లో కాపురముండేది కచ్చితంగా ఎవరో తెలియడానికి మాత్రం ఇంకో వందేళ్లు పట్టింది. నైట్రైట్‌ను విరిచేది పుస్తకాల్లో రాసుకున్న నైట్రోబ్యాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని 1998లో తిమోతీ హోవనెక్ బృందం చూపింది. మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో అమ్మోనియా పనిని చాలావరకు చేసేది అసలు బ్యాక్టీరియానే కాదు, ఆర్కియా అనే వేరే జాతి సూక్ష్మజీవులని 2011లో కెనడా పరిశోధకులు రాశారు. రెండు పనులనూ ఒక్కటే పూర్తిచేసే జీవి ఉందని 2015లో బయటపడింది. దాన్ని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు పట్టుకున్నది చేపల పెంపకం ఫిల్టర్‌లోనే. మన హాల్లో ఓ మూల గురగురలాడే ఆ చిన్న డబ్బాలో ఇంత లోకం ఉంది. అది తెలిసినప్పటి నుంచి ఫిల్టర్‌ను నేను మోటారు బలం చూసి కొనడం మానేశాను. ముందు మూత తీసి లోపల ఎంత చోటుందో చూస్తాను.

ఒకే పేరు, మూడు వస్తువులు

మన దుకాణాల్లో పవర్ ఫిల్టర్ అడిగితే మూడు వేర్వేరు వస్తువుల్లో ఏదైనా చేతికి రావచ్చు. అక్కడే సగం తికమక.

మొదటిది నీళ్లలో మునిగి ఉండే ఇంటర్నల్ ఫిల్టర్. పైన మోటారు, కింద ప్లాస్టిక్ గొట్టంలో గుప్పెడు స్పాంజి. చవక, పెట్టుకోవడం తేలిక. అడుగు, అడుగున్నర తొట్టిలో నాలుగు చిన్న చేపలకు సరిపోతుంది. అంతకు మించిన దేనికీ నేను సిఫారసు చేయను. స్పాంజి మరీ చిన్నది, కడగడానికి పైకి తీస్తుంటే పట్టిన మురికి సగం తిరిగి తొట్టిలోకే జారిపోతుంది. పైగా మోటారు వేడి మొత్తం నీళ్లలోకే. విజయవాడ ఎండల్లో అదీ లెక్కే.

రెండోది టాప్ ఫిల్టర్. తొట్టి పైన పొడవాటి ట్రే. చిన్న పంపు నీళ్లను ట్రేలోకి ఎత్తి పోస్తుంది. అవి దూది, బ్యాక్టీరియా అతుక్కునే సిరామిక్ రింగులు, స్పాంజి గుండా దిగి చినుకుల్లా తొట్టిలో పడతాయి. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ఆ ట్రేలో పట్టినంత సరుకు ఇంకెక్కడా ఇంత చవగ్గా పట్టదు, చేతులు తడవకుండా దూది మార్చుకోవచ్చు. గోల్డ్‌ఫిష్, ఫ్లవర్‌హార్న్ పెంచేవాళ్లకు నా మాట ఇదే.

మూడోది హ్యాంగింగ్ ఫిల్టర్. అమెరికాలో పవర్ ఫిల్టర్ అంటే ఇదే. తొట్టి వెనక అద్దానికి డబ్బా వేలాడుతుంది. గొట్టంతో నీళ్లు లాగి, స్పాంజి, రింగుల గుండా పంపి, పలుచటి జలపాతంలా వదులుతుంది. మెకానిజం తొట్టి బయట ఉంటుంది కనుక చేపలకు చోటు కలిసొస్తుంది. రెండు నుంచి మూడడుగుల తొట్టికి ఇదే నా మొదటి ఎంపిక. అయితే కొనేముందు టేపు పట్టుకుని ఇంట్లో రెండు కొలతలు తీసుకోండి. తొట్టికీ గోడకీ మధ్య ఆ డబ్బా పట్టేంత ఎడం ఉందా? పైన మూత వెనకవైపు కోసి ఉందా? మన దగ్గర చెక్క మూతలు చాలావరకు నాలుగు వైపులా మూసుకుపోయి వస్తాయి. నీళ్లు నింపిన రెండడుగుల తొట్టి అరవై కిలోలకు తక్కువ ఉండదు. ఫిల్టర్ తెచ్చాక ముందుకు జరుపుదాంలే అనుకోవద్దు.

నాలుగడుగులు దాటితే కింద అల్మారాలో పెట్టే కెనిస్టర్ ఫిల్టర్ సంగతి ఆలోచించాలి. అది వేరే ఖర్చు. పిల్లల్ని పెట్టించే గప్పీ తొట్టికి గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ చాలు. దాన్ని మించింది లేదు కూడా.

పెట్టె మీది అంకె

ముందు మీ తొట్టి ఎన్ని లీటర్లో తెలియాలి. మన దగ్గర తొట్లు అడుగుల్లో అమ్ముతారు, ఫిల్టర్ పెట్టె మీద లీటర్లు రాస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో హెచ్చించండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 45 నుంచి 50.

ఆ నీళ్లు గంటకు నాలుగు నుంచి ఆరుసార్లు ఫిల్టర్ గుండా తిరగాలన్నది పెంపకందార్లు ఎన్నో ఏళ్లుగా పాటించే లెక్క. అంటే గంటకు 200 నుంచి 300 లీటర్లు. కానీ పెట్టె మీద 300 అని ఉంటే మీ తొట్టిలో 300 రాదు. ఆ అంకె చాలావరకు లోపల ఏ సరుకూ పెట్టకుండా, నీళ్లను పైకి ఎత్తే పని లేకుండా పంపు ఇచ్చేది. స్పాంజి, రింగులు నింపి, రెండు వారాల మురికి పట్టాక అది బాగా పడిపోతుంది. పెట్టె మీద హెచ్ మ్యాక్స్ అని ఇంకో అంకె ఉంటుంది. దుకాణదారు దాని గురించి సాధారణంగా మాట్లాడడు. అది పంపు నీళ్లను ఎత్తగల గరిష్ఠ ఎత్తు. ఆ ఎత్తు దగ్గర వచ్చే నీళ్లు సున్నా. హెచ్ మ్యాక్స్ 80 సెంటీమీటర్లున్న పంపుతో 40 సెంటీమీటర్లు ఎత్తించే టాప్ ఫిల్టర్ నడిపితే, పెట్టె మీది అంకెలో సగం మీద ఆశ వదులుకోవాలి. అందుకే 50 లీటర్ల తొట్టికి నేను 400 రాసి ఉన్నది కొంటాను. గోల్డ్‌ఫిష్ అయితే 500.

విదేశీ పెట్టెల మీద అంకెల విషయంలో ఇంకో జాగ్రత్త. కెనడాకు చెందిన హాగెన్ సంస్థ ఆక్వాక్లియర్ ఫిల్టర్లలో 50 నంబరుది చూసి యాభై లీటర్లకు సరిపోతుందనుకునేవాళ్లున్నారు. ఆ 50 అమెరికన్ గ్యాలన్లు, అంటే 189 లీటర్లు. అది గంటకు పంపేది 200 గ్యాలన్లు. అంటే చెప్పిన గరిష్ఠ తొట్టిలో నీళ్లు గంటకు నాలుగుసార్లే తిరుగుతాయి, అదీ సరుకు మురికి పట్టకముందు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడికి తెచ్చిపెడతామంటే ఇంకోటి కూడా అడగండి: అక్కడి మోటార్లు 120 వోల్టులవి. ఇక్కడి ప్లగ్గులో పెడితే కాలిపోతాయి.

చేపను బట్టి

గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి వెళ్లి బయటికొచ్చేస్తుంది. ఎప్పుడూ వెతుకుతూ, తింటూ, విసర్జిస్తూ ఉంటుంది. సినిమాల్లో గుండ్రటి గాజు గిన్నెలో ఒంటరిగా తిరిగే చేప ఇదే కావడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. ఫిల్టర్ అందరికంటే ఎక్కువ కావాల్సిన చేపను, ఫిల్టరే పెట్టలేని గిన్నెలో వేస్తున్నాం. కొనివ్వమని పిల్లలు అడిగినా ఆ గిన్నె కొనకండి.

ఫైటర్ సంగతి తలకిందులు. అది థాయ్‌లాండ్ వైపు వరిచేలల్లో, కదలని లోతులేని నీళ్లలో పుట్టిన చేప. మన కొర్రమీనులాగే పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. పొడవాటి రెక్కలతో ఉండే ఫైటర్‌ను జోరు ఫిల్టర్ ముందు వదిలితే రోజంతా ఏటికి ఎదురీదినట్టే. నెమ్మదైన స్పాంజి ఫిల్టర్, లేదా నీటి ధార ముందు అడ్డంగా పెట్టిన స్పాంజి ముక్క దానికి మేలు. గప్పీ పిల్లలున్న తొట్టిలో హ్యాంగింగ్ ఫిల్టర్ గొట్టం నోటికి స్పాంజి తొడగకపోతే, తెల్లవారేసరికి పిల్లలన్నీ డబ్బాలోకి వెళ్లిపోతాయి.

ఇక సక్కర్ చేప. "ఇది వేస్తే ఫిల్టర్ అక్కర్లేదు సార్, ట్యాంకంతా ఇదే క్లీన్ చేస్తుంది" అని అమ్ముతారు. అద్దానికి పట్టిన పాచిని కొంత గీకుతుంది, నిజమే. కానీ తిన్నదానికి తగ్గట్టు విసర్జిస్తుంది, అది పెద్ద చేప. ఎదిగాక ఎక్కడ పెట్టాలో తెలియక జనం కాల్వలో వదిలేస్తున్నారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప కొల్లేటిలో, కృష్ణలో జాలర్ల వలల్ని చింపుతోంది. దయచేసి ఫిల్టర్‌కు బదులుగా ఏ చేపనూ కొనకండి. పెంచలేని చేపను ఏ నీళ్లలోనూ వదలకండి.

డబ్బాలో ఏం నింపాలి

చాలా హ్యాంగింగ్ ఫిల్టర్లతో ఓ పలుచటి కార్ట్‌రిడ్జ్ వస్తుంది, లోపల కాస్త బొగ్గుపొడి. నెలకోసారి పారేసి కొత్తది పెట్టమని కాగితం మీద రాసి ఉంటుంది. ఆ మాట పాటిస్తే నెలనెలా బ్యాక్టీరియా కాపురాన్ని మీ చేత్తో చెత్తబుట్టలో పడేస్తున్నట్టు. నేను ఆ కార్ట్‌రిడ్జ్ తీసేసి, నీళ్లు వచ్చే వైపు గరుకు స్పాంజి, దాని తర్వాత సిరామిక్ రింగులు నింపుతాను. స్పాంజి చిరిగేదాకా మార్చక్కర్లేదు. కార్ట్‌రిడ్జ్ తప్ప ఇంకేదీ పట్టని డబ్బా అయితే ఎంత చవకైనా కొనను.

యాక్టివేటెడ్ కార్బన్ రంగును, వాసనను, మందును లాగేస్తుంది. అమ్మోనియాను లాగదు. కొన్ని వారాల్లో దాని పని అయిపోతుంది. చేపకు మందు వేసినప్పుడు కార్బన్ తీసేయాలి, లేకపోతే మందు మొత్తం అదే తాగేస్తుంది. జియోలైట్ అనే రాయి అమ్మోనియాను పట్టుకుంటుంది, చెరువుల్లో బాబాయి వాళ్లు కూడా చల్లుతారు. ఫిల్టర్‌లో జియోలైట్ పెట్టి, చేపకు జబ్బు చేసిందని తొట్టిలో కల్లుప్పు వేస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఉప్పులోని సోడియం ఆ రాయిలో చోటు లాక్కుని, పట్టుకున్న అమ్మోనియాను తిరిగి నీళ్లలోకి తోసేస్తుంది. రెండింట్లో ఒక్కటే వాడాలి.

కరెంటు పోతే

ఫిల్టర్ 24 గంటలూ నడవాలి. రాత్రిపూట చప్పుడని ఆపేసేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. బిల్లు భయమైతే లెక్క చూసుకోండి: 10 వాట్ల ఫిల్టర్ నెలంతా తిరిగితే 7 యూనిట్ల పైచిలుకు. అంతే.

మన దగ్గర అసలు పరీక్ష కరెంటు పోయి వచ్చినప్పుడు. కొన్ని హ్యాంగింగ్ ఫిల్టర్లు కరెంటు వచ్చాక నీళ్లు లాగలేక ఉత్త గాలిలో గరగరలాడుతూ ఉండిపోతాయి. మీరు ఆఫీసులో ఉంటారు, సాయంత్రానికి మోటారు కాలిపోతుంది. మోటారు గొట్టం అడుగున, నీటిలో ఉండే రకమైతే ఈ గొడవ ఉండదు. దుకాణంలోనే స్విచ్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ వేసి చూపించమనండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎండాకాలంలో నీళ్లు ఆవిరై మట్టం రెండంగుళాలు తగ్గినా ఇదే ఇబ్బంది వస్తుంది, కాబట్టి తగ్గిన నీళ్లు పోస్తూ ఉండాలి. నాలుగైదు గంటలు కరెంటు పోయే ఊళ్లో, మూసి ఉండే కెనిస్టర్‌లోని బ్యాక్టీరియాకు ప్రాణవాయువు అందదు. కరెంటు వచ్చాక దాన్ని తెరిచి, లోపలి కుళ్లు నీళ్లు పారబోశాకే నడపాలి.

వైరు విషయం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ప్లగ్గుకు చేరేముందు వైరు కిందికి ఓ వంపు తిరిగేలా వదలండి. వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి వెళ్లదు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ స్విచ్ ఆపండి. ఇంట్లో షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, ఫిల్టర్ కంటే ముందు అది పెట్టించండి. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉన్న తొట్టిలో చేతులు పెట్టేది ఎక్కువగా పిల్లలే.

మొదటి నెల

కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఉండదు. అది స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్, తొట్టి, చేపలు అన్నీ ఒకేరోజు తెచ్చి, ఒకేరోజు నింపి, వారం తిరిగేసరికి సగం చేపల్ని పారేసుకునే ఇళ్లన్నింటి కథా ఇదే. ఎప్పటినుంచో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్న మిత్రుడి దగ్గర వాడిన స్పాంజి ముక్కో, గుప్పెడు రింగులో అడిగి తెచ్చుకుని మీ ఫిల్టర్‌లో వేసుకుంటే ఆ నిరీక్షణ చాలా తగ్గుతుంది. పెరుగుకు తోడు వేసినట్టే. అక్కడి తొట్టిలో జబ్బులేవీ లేవని మాత్రం చూసుకోండి. ఆ తర్వాత రెండు మూడు గట్టి చేపలతో మొదలుపెట్టి, మేత కొంచెం కొంచెంగా వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు చూసుకోండి. రెండూ సున్నా వచ్చాకే మిగతా చేపలు.

మోటారు లోపలి చిన్న రెక్కను నెలకోసారి తీసి కడగాలి. బోరు నీళ్ల గార పట్టి గరగరలాడుతుంటే నిమ్మరసంలో కాసేపు నానబెట్టి, మంచినీళ్లతో శుభ్రంగా కడిగి బిగించండి. కొత్తది కొనేముందు ఇది చేసి చూడండి.

నా తొట్టిలో ఆనాడు మిగిలిన రెండు గోల్డ్‌ఫిష్‌లు బతికాయి. బాబాయి ఆ రోజే సగం నీళ్లు తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పోయించాడు. మూడు రోజులు మేత మాన్పించాడు. పాత ఇంటర్నల్ ఫిల్టర్ పక్కన పెట్టి టాప్ ఫిల్టర్ తెచ్చుకున్నాను. ట్రే నిండా రింగులు, స్పాంజి.

ఈ ఆదివారం తొట్టి కడుగుదామనుకుంటున్నవాళ్లకు ఒక్క మనవి. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచే ఓ బకెట్ నీళ్లు తీసుకుని, స్పాంజిని అందులో రెండుమూడుసార్లు పిండి, జిగురు ఇంకా ఉండగానే తిరిగి పెట్టేయండి. సబ్బు ముట్టుకోకండి.